సింహగిరి ప్రదక్షిణము – తోడి యాత్రికుడు

ఆషాఢమాసము వైష్ణవ గృహములకు మిక్కిలి పవిత్రమైనది. ఈ మాసమున శుద్ధ ఏకాదశినాడు శ్రీమన్నారాయణుడు యోగనిద్రకు ఉపక్రమించును. దానినే మనవారు తొలి ఏకాదశి యందురు. పున్నమ వ్యాసపూర్ణిమ, గురుపూజకు నియతమైన దినము. ఈ రెండింటి నడుమ, పున్నమకు ముందు వచ్చు చతుర్దశినాడు, విశాఖపట్టణమున లక్షలాది జనము పాదరక్షలు విడిచి వీధులలోనికి వచ్చెదరు. అది సింహాచల క్షేత్రమున వెలసిన శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామివారి గిరిప్రదక్షిణము.

ప్రదక్షిణమనగా పూజ్యమైన వస్తువును కుడివైపున నిలుపుకొని దాని చుట్టును తిరుగుట. దర్శనమునకు పోవునప్పుడు స్వామి మనకు ఎదురుగా ఉండును; ప్రదక్షిణమునందు ప్రక్కన ఉండును. ఎదుట నున్నవానిని అర్థింతుము. ప్రక్కన నున్నవానితో కలిసి నడతుము. ఆలయములో చేయు ప్రదక్షిణము కొన్ని నిమిషములలో ముగియును గనుక ఈ భేదము మనకు అంతగా తోచదు. సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణమున అది ప్రతి అడుగునను తెలియును.

ఈ యాత్ర కొండ దిగువనున్న తొలిపావంచ వద్ద ఆరంభమగును. పావంచ యనగా మెట్టు. భక్తులు అక్కడ కొబ్బరికాయ కొట్టి, మనస్సున సంకల్పము చెప్పుకొని, అడవివరము మీదుగా కదలుదురు. ముడసర్లోవ, హనుమంతవాక దాటి, విశాలాక్షినగరము నుండి జోడుగుళ్లపాలెము వద్ద సముద్రతీరమును చేరుదురు. కొందరు అక్కడ సముద్రస్నానము చేయుదురు. అప్పూఘర్, ఎం.వి.పి. కాలనీ, వెంకోజీపాలెము, హెచ్.బి. కాలనీ, కైలాసపురము, మాధవధార, మురళీనగరము, ఎన్.ఎ.డి. కూడలి, గోపాలపట్టణము, ప్రహ్లాదపురము, గోశాల—ఇట్లు మరల తొలిపావంచకు చేరినప్పుడు ప్రదక్షిణము పూర్తియగును. ఉత్తరమున బయలుదేరి, తూర్పున సముద్రమును చూచి, దక్షిణమున నగరము నడుమ నడచి, పడమటగా తిరిగి వచ్చుచున్నాము గనుక కొండ ఎల్లప్పుడును మన కుడిచేతివైపుననే యుండును.

ఈ దారిలో నడచువారు ఎవరు? 1933లో నౌకాశ్రయము తెరచిన నాటినుండి ఈ పట్టణమునకు నానాదేశముల సరకుతో పాటు నానా ప్రాంతముల జనము వచ్చి చేరినారు. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము వేలాది కుటుంబములను ఇక్కడ నిలిపినది. రేవులో బరువులు దించినవాడు, కొలిమివేడికి ఎదురొడ్డి నిలిచినవాడు, వలలు లాగినవాడు, కార్యాలయమున లెక్కలు వ్రాసినవాడు, పల్లెనుండి చద్దిమూట కట్టుకొని వచ్చిన రైతు—అందరును ఆ రాత్రి ఒకే దారిని నడతురు. ఈ కొండమీది శాసనములలో ప్రాచీనమైనది కులోత్తుంగ చోళుని కాలమున, 1098-99 నాటిది. గాంగవంశీయుడైన నరసింహదేవుని కాలమున, 1267-68 నాటికి, ఆలయము నూతన శోభను పొందినది. శ్రీకృష్ణదేవరాయలు 1516లోను, 1519లోను స్వామిని సేవించినాడు. రాజులు మండపములు కట్టించిరి, ఆభరణములు సమర్పించిరి. కాని ప్రదక్షిణమునకు మాత్రము ఎవరి పాదములు వారివే. పల్లకిలో కూర్చున్నవాని నడక అతనిది కాదు, బోయీలది.

ఈ నడక సులభమైనది కాదు. గంటకు మూడు కిలోమీటర్ల చొప్పున ఎక్కడను ఆగక నడచినను దాదాపు పదకొండు గంటలు పట్టును. ఆషాఢమున సముద్రపు గాలిలో ఉక్క మెండు. వాన వచ్చిన దారి జారును. రాకున్న తారురోడ్డు రాత్రివరకును వేడిని విడువదు. సముద్రము కనబడువరకు గోవిందనామము నోట గట్టిగా పలుకును. నగరములోనికి మరలిన పిదప కేక సన్నగిల్లును. భుజమునకు తగిలించుకొన్న సంచి—అందు ఒక కండువా, నీళ్లసీసా, పులిహోర పొట్లము, కొబ్బరికాయ తప్ప మరేమియు లేకున్నను—రాతిమూటయై తోచును. అర్ధరాత్రి వేళకు అరికాళ్ల బొబ్బలు చితుకును. అప్పుడు మనుష్యుని నోట సంకీర్తనము పోయి నిజమైన మాట వచ్చును. సుఖమున మనమెవరమో మనకు తెలియదు. ఇరువదవ కిలోమీటరున తెలియును.

మాధవధార వద్ద మరియొక పరీక్ష కలదు. అక్కడినుండి కొండమీదికి పాత మెట్లదారి యున్నది. అలసినవానికి ఆ దారి చేయెత్తి పిలుచును. అదియు స్వామి సన్నిధికే పోవును గదా యని మనస్సు వాదించును. నిజమే, ఆ మెట్లెక్కినవానికి దర్శనము కలుగును. కాని ప్రదక్షిణము కాదు. త్వరగా చేరుట ఒకటి, తిరిగి చేరుట మరియొకటి. ఈ భేదమును గూర్చియే నేనొక సంగతి చెప్పదలచితిని.

కొన్నేండ్ల క్రిందట, పాఠశాలలో నాతో చదువుకొన్న ఇద్దరు మిత్రులతో కలిసి నేనును ఈ ప్రదక్షిణము చేయుచుంటిని. మాధవధార దాటిన పిదప ఒక గృహస్థుని అరుగుమీద విశ్రమించితిమి. ఆ అరుగు చివరనే ఐదుగురు మనుష్యులు కూర్చుండిరి. అందరును ఉక్కు కర్మాగారమున ఒకే చోట పనిచేయువారు. వారిలో పెద్దవాడు ఏబదియైదేండ్లవాడు. మోకాలు వాచిపోయినది, అరికాళ్లు చూడ శక్యము కాకుండెను. ఆయన కుమార్తెకు పెద్దజబ్బు చేసి నయమైనదట. ఆ మ్రొక్కు తీర్చుటకు ఆయన నడచుచుండగా తక్కిన నలుగురు తోడు వచ్చినారు.

ఆయన వారితో, “నా కోసం ఆగకండిరా. నా కొబ్బరికాయ పట్టుకెళ్లి మీరే కొట్టండి. నేను ఎలాగో ఇంటికి పోతాను” అనుచుండెను. ఒకడు, “అన్నయ్యా, ఇంకాసేపు కూర్చుందాం” అనును. మరియొకడు, “తెల్లారితే ఎండ. ఇప్పుడు ఆగితే అయిదుగురికీ పూర్తి కాదు” అనును. ఇద్దరు చెప్పినదియు సబబుగానే యుండెను. అందరిలో చిన్నవాడు నా వేషము చూచి దగ్గరకు వచ్చి, “గురువుగారూ, మొక్కు ఈయనది. మేము తోడు వచ్చినవాళ్లం. ఈయన్ని వదిలేసి మేము నడిస్తే ఆ పుణ్యం ఎవరిది? వదలకుండా కూర్చుంటే, మొదలుపెట్టి మానేసిన దోషం ఎవరిది?” అని అడిగెను.

“ముందు ఆ కాలు సంగతి చూడు నాయనా, శాస్త్రం ఎక్కడికీ పోదు” అంటిని. ఇంటివారు గోరువెచ్చని నీళ్లు తెచ్చి యిచ్చిరి. ఒకడు కాళ్లు కడిగెను. ఒకడు తన కండువా చించి కట్టు కట్టెను. సుమారు గంటసేపు ఆగి, పెద్దాయన సంచి ఒకడు, ఆయన బరువు ఇద్దరు పంచుకొని కదలిరి. మేమును వెనుకనే బయలుదేరితిమి. గోపాలపట్టణమున వారిని మరల చూచితిని. మోకాలు ఇక మడవలేని స్థితిలో ఆయన రోడ్డు ప్రక్కన కూర్చుండి, మ్రొక్కు తీరలేదని చిన్నపిల్లవానివలె కన్నీరు పెట్టుకొనుచుండెను. ఇద్దరు ఆయనను వైద్యునివద్దకు తీసికొనిపోవుటకు నిలిచిరి. తక్కిన ఇద్దరు ఆయన కొబ్బరికాయతో తొలిపావంచకు నడచిరి. ఆ వేళ అరుగుమీద విడమరచి చెప్పుటకు వీలుగాని సమాధానమును ఇక్కడ చెప్పుచున్నాను. అట్టి సందేహము ప్రతి సంవత్సరము ఆ దారిలో ఎందరికో కలుగుచునే యుండును.

భాగవత దశమస్కంధమున కుచేలోపాఖ్యానము మనకందరికి తెలిసినదే. అటుకులమూటను మాత్రమే మనము తలతుము. అటుకుల ప్రస్తావనకు ముందు శ్రీకృష్ణుడు కుచేలునితో ముచ్చటించిన సంగతి యొకటి కలదు. సాందీపని గురుకులమున నుండగా ఒకనాడు గురుపత్ని శిష్యులను వంటచెరకు తెమ్మని అడవికి పంపెను. అకాలమున గాలివాన పట్టినది, ఉరుములు మ్రోగినవి, ప్రొద్దు గ్రుంకినది. పల్లమేదో మెరకయేదో తెలియకుండ నీరు నిండినది. దిక్కు తెలియని ఆ చీకటిలో బాలకులు ఒకరి చేతులొకరు పట్టుకొని తెల్లవారువరకు తిరిగిరి. సూర్యోదయమున గురువు వెదకికొనుచు వచ్చి, తనకొఱకు వారు పడిన కష్టమునకు కరగి ఆశీర్వదించెను.

ద్వారకలో హంసతూలికాతల్పము మీద మిత్రుని కూర్చుండబెట్టి, రుక్మిణీదేవి వింజామర వీచుచుండగా, జగన్నాథుడు నెమరువేసికొన్నది ఈ కాళరాత్రిని. అరువదినాలుగు విద్యలు నేర్చిన ఆ గురుకులవాసమున ఆయనకు చెప్పదగిన ముచ్చట్లు కొరవడినవా? అయినను ఈ కష్టదినమునే తలచెను. కలిసి భుజించినది కొన్నాళ్లకు మరతుము. కలిసి తడిసినది మరువము. ఆ రాత్రి చేయి విడిచి ఒక్కడు ముందుగా ఆశ్రమమునకు చేరియుండిన అతడు వడిగలవాడనిపించుకొనును. శ్రీకృష్ణుని జ్ఞాపకమున మాత్రము ఉండడు.

ఇచట ఒక ఆక్షేపము కలదు. సంకల్పము చెప్పినవాడు వెనుదిరిగి చూడరాదు గదా! పాండవులు మహాప్రస్థానమున హిమవత్పర్వతమును దాటి నడచుచుండగా ద్రౌపది పడిపోయెను. తరువాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోయిరి. ధర్మరాజు ఆగలేదు, వెనుకకు చూడలేదు. ఆయన చేసినది ధర్మమైనచో మాధవధార అరుగుమీద ఆగుట ఎట్లు ధర్మమగును?

ఈ ప్రశ్నకు ఆ కథయే సమాధానము చెప్పుచున్నది. మహాప్రస్థానమనగా శరీరము పడువరకు నడతుమని అందరును కలిసి పూనిన నియమము. పడిపోయినవారు ప్రాణములు విడిచిరి. వారికి చేయదగినది మిగులలేదు. కాని వెంటవచ్చిన కుక్క ఒకటి ప్రాణములతో నున్నది. ఇంద్రుడు రథము తెచ్చి ఎక్కుమనినను, ఆశ్రయించిన దానిని విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు నిలిచిపోయెను. స్వర్గమునకు చేరిన పిదపను తమ్ములు, ద్రౌపది అక్కడ కానరానందున, వారున్న చోటే తనకు స్వర్గమని చెప్పి, నరకమున వారి ఆర్తనాదము విని అచటనే నిలుతుననెను. కాబట్టి వెనుదిరుగకపోవుట ఆయన ధైర్యము. బ్రదికియున్నవానిని విడువకపోవుట ఆయన ధర్మము. మొదటిది మాత్రమే నేర్చుకొని రెండవదానిని వదలినవాడు ధర్మరాజు నడకను సగమే నేర్చినాడు.

ఇక సింహగిరినాథుని భక్తులకు వీటికంటె సమీపమైన ప్రమాణము కలదు. ఈ కొండ ప్రహ్లాదునిది. తండ్రి ఆజ్ఞచే ఆ బాలుని సముద్రమున పడవేసి పైన పర్వతమును మోపగా, స్వామి పరుగున వచ్చి రక్షించిన స్థలమిదేనని స్థలపురాణము చెప్పును. ఆ ప్రహ్లాదుడు నృసింహస్వామి ఎదుట చేసిన స్తోత్రము భాగవత సప్తమస్కంధమున కలదు. దేవతలును, సాక్షాత్తు లక్ష్మీదేవియు దగ్గరకు పోవుటకు జంకిన ఉగ్రమూర్తి పాదములవద్ద నిలిచి ఆ పసివాడు ఏమనెను? మునులు తరచుగా తమ ముక్తిని మాత్రమే కోరి, నిర్జనప్రదేశమున మౌనము వహించి తపస్సు చేయుదురు. పరుల క్షేమమును వారు తలపరు. నేను మాత్రము ఈ దీనజనులను విడిచి ఒక్కడనే ముక్తిని పొందగోరను—అని ఆ మాటల తాత్పర్యము.

గమనింపుడు. ఆయన కోరికలు లేనివాడు. స్వామి ఎదుటనే యున్నాడు. మోక్షము అందుకొనుటకు చేయి చాచిన చాలును. అయినను వెనుకనున్నవారు జ్ఞాపకమునకు వచ్చిరి. అట్టివాని కొండచుట్టు తిరుగుచు, ప్రక్కవాడు కూలబడిన చోట వానిని దాటి, “నా ప్రదక్షిణము పూర్తియైనది” అని చెప్పుకొన్నచో మనము కొండచుట్టు తిరిగితిమే గాని ప్రహ్లాదవరదుని చుట్టు తిరుగలేదు.

కావున ఆ చిన్నవాని ప్రశ్నకు నా విన్నపమిది. ఆ నలుగురిలో ఆగినవారికిని నడచినవారికిని కూడ ప్రదక్షిణము పూర్తియైనది. నడచినవారు ఆయనను విడిచి నడువలేదు. ఆయన చేయగలిగినంత దూరము తోడుండి, ఆయన భారమును మోసి, ఆయన రక్షణకు తగినవారిని నిలిపి, ఆయన సంకల్పమును తొలిపావంచకు చేర్చిరి. ఆగినవారు రోడ్డు ప్రక్కనున్న భాగవతుని సేవించిరి. భగవత్సేవకంటె భాగవతసేవ అధికమని మన ఆచార్యులు బోధించినదానిని వారు ఆ రాత్రి ఆచరించి చూపిరి. ఇక కన్నీరు పెట్టుకొన్న పెద్దాయన మాట. శక్తివంచన లేకుండ చేసినది ఎంతో అంతయే వ్రతము. యథాశక్తి యను మాటను పూజలో ప్రతిదినము పలుకుచున్నాము. ఆ మాటకు అర్థము బద్ధకస్థుడు తనకనుకూలముగా చెప్పుకొనును. మోకాలు మడతపడనంతవరకు నడచినవాడు దాని నిజమైన అర్థమును తెలిసికొన్నాడు. ఆయన ఆగినచోట స్వామి కొలత ముగిసినది. దూరము మనము కొలుచునది; భారము ఆయన కొలుచునది.

మొదటి ముగ్గురాళ్వార్ల కథయు ఇచట స్మరింపదగినది. తిరుక్కోవలూరులో వానకురియు చీకటిరాత్రి పొయ్‌గైయాళ్వారు ఒక ఇరుకైన నడవలో పండుకొనియుండెను. పూదత్తాళ్వారు వచ్చి తలుపు తట్టెను. ఒకరు పండుకొనుచోట ఇద్దరు కూర్చుండవచ్చునని లోనికి పిలిచెను. పేయాళ్వారు వచ్చెను. ఇద్దరు కూర్చుండుచోట ముగ్గురు నిలువవచ్చుననిరి. అప్పుడు నాలుగవవాడెవరో తమ నడుమ దూరి ఒత్తుచున్నట్లు వారికి తోచినది. ఆయన సర్వేశ్వరుడు. విశాలమైన మేడలో ఒంటరిగా నున్నవారిని వదలి, చోటు లేనిచోట సర్దుకొన్నవారి నడుమ ఆయన దూరెను. గిరిప్రదక్షిణమున భుజము భుజము రాచుకొని నడచునప్పుడు, అరుగుమీద మరియొకనికి చోటిచ్చుటకు జరుగునప్పుడు, ఈ సంగతి మనస్సున నుండవలెను.

యాత్ర చేయగోరు కుటుంబములకు ఒకటి రెండు మాటలు. హృద్రోగము, మధుమేహము వంటి వ్యాధులున్నవారు వైద్యుని అడిగి కాని బయలుదేరరాదు. నడువలేనివారు పున్నమనాడు ఆలయప్రదక్షిణము చేసికొనవచ్చును. దానిని తక్కువగా నెంచరాదు. పసిపిల్లలను, వృద్ధులను జనసమ్మర్దమున చేయి విడువకుడు. దారిపొడవున మజ్జిగ, అన్నప్రసాదము ఇచ్చు పుణ్యాత్ములు ఎందరో కలరు; వారు ఇచ్చినది తిని ఆకును, గ్లాసును దారిలో పారవేయుట స్వామి ముంగిట ఎంగిలి వేయుటయే. తోడు వచ్చినవారిలో అందరికంటె మెల్లగా నడచువానిని అందరికంటె ముందు నడువనిండు. అప్పుడు ఎవ్వరును వెనుకబడరు.

ప్రదక్షిణము ముగిసిన మరునాడు, ఆషాఢపూర్ణిమనాడు, స్వామికి ఆ సంవత్సరపు తుదివిడత చందనసమర్పణము జరుగును. అక్షయతృతీయ నాటి నిజరూపదర్శనము తరువాత మొదలైన ఆ సేవ నాలుగు విడతలుగా సాగి, ఆనాటితో స్వామి మరల సంపూర్ణముగా చందనమున మరుగుపడును. ఆ చందనమును ఒక్కరు అరగదీసినది కాదు; పలువురు సేవకులు సానలమీద దినములతరబడి అరగదీసినది. ఎవరి చేతి గంధము ఎక్కడ అంటినదో స్వామి తిరుమేనిమీద వేరుచేసి చూపగలవారెవరు? అట్లే ఆ రాత్రి లక్షలాది పాదములు నడచిన నడక అంతయు ఒక్క గంధమై ఆయనకు చేరును. అందు ముందుగా చేరినవాడు, వెనుకగా చేరినవాడు, చేరలేక కూర్చుండినవాడు, వానికొఱకు ఆగినవాడు అను విభాగము లేదు.

ప్రహ్లాదవరదుడు మనందరిని తోడునీడయై నడిపించుగాక.